గతౌరాలో తప్పిన పరీక్ష

రైల్వేలో డ్రైవరు ఉద్యోగమంటే కంటి పరీక్ష ఉంటుందని అందరికీ తెలుసు. మనసుకూ ఒక పరీక్ష ఉందన్న సంగతి చాలామందికి 2025 నవంబరు 4 తర్వాతే తెలిసింది. ఆ సాయంత్రం గెవరా రోడ్ నుంచి బిలాస్‌పూర్ వెళ్తున్న మెమూ రైలు, గతౌరా దాటాక ఎర్ర సిగ్నల్‌ను మీరి, ఆగి ఉన్న గూడ్సును వెనుక నుంచి ఢీకొట్టింది. లోకో పైలట్ సహా కనీసం 11 మంది చనిపోయారు. మెమూ నడపడానికి అవసరమైన మానసిక సామర్థ్య పరీక్షలో ఆయన ఉత్తీర్ణులు కాలేదని రైల్వే భద్రతా కమిషనర్ ప్రాథమిక నివేదిక తేల్చింది. అసిస్టెంటును తోడిచ్చి పంపారు.

బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఊరు బిలాస్‌పూర్. అక్కడ ఇది పరాయి వార్త కాదు.

'సైకో టెస్టులో ఫెయిల్' అనగానే మతి స్థిమితం లేనివాడి చేతికి రైలిచ్చారని అనుకుంటే పొరపాటు. అది జబ్బును కనిపెట్టే పరీక్ష కాదు. అసిస్టెంటు లోకో పైలట్ల ఎంపికలో ఇలాంటిదే ఉంది. జ్ఞాపకశక్తి, సూచనలను పాటించడం, లోతును అంచనా వేయడం, ఏకాగ్రత, చూసి పోల్చే వేగం అని అయిదు భాగాలు. ఒక్కోదానిలో కనీసం 42 టి-స్కోరు రావాలి. ఏ వర్గానికీ సడలింపు లేదు. పగటిపూట కంప్యూటర్ ముందు కూర్చున్నప్పటి బుర్రను అది బాగానే కొలుస్తుంది. వరుస నైట్ డ్యూటీల తర్వాత అదే బుర్ర ఎలా ఉంటుందన్నది దాని సిలబస్‌లో లేదు.

నేను చదివింది రాజనీతి శాస్త్రం. గతౌరా తర్వాత కుతూహలం కొద్దీ మనస్తత్వవేత్తల లైసెన్సు కోసం కుర్రకారు బట్టీపట్టే పుస్తకాలు తిరగేశాను. మన దగ్గర క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే గుర్తింపు ఉన్న కోర్సు చేసి భారత పునరావాస మండలిలో నమోదు కావాలి. అమెరికాలోనైతే 225 ప్రశ్నల పరీక్ష గట్టెక్కాలి. ఎక్కడైనా పావ్‌లోవ్ కుక్క, స్కిన్నర్ ఎలుక, ఎల్లిస్, బెక్ తప్పరు. అభ్యర్థులు తరచూ బోల్తాపడే చోటొకటుంది. ప్రతికూల పునర్బలనాన్ని శిక్ష అనుకుంటారు. కాదు. బాధించేదేదో ఆగిపోవడం వల్ల ఒక అలవాటు బలపడితే దాన్ని ప్రతికూల పునర్బలనం అంటారు.

దానికి ఉదాహరణ ఎలుక బోనులో వెతకనక్కర్లేదు, రైలింజను క్యాబిన్‌లోనే ఉంది. డ్రైవరు నిమిషం పాటు ఏ మీటా కదపకపోతే దీపం వెలుగుతుంది, తర్వాత బజరు మోగుతుంది, అప్పటికీ ఉలుకూపలుకూ లేకపోతే బ్రేకు పడుతుంది. బటన్ నొక్కితే గోల ఆగుతుంది. గోల ఆగడమే బహుమానం. వేలసార్లు నొక్కిన చెయ్యి మెదడుకు చెప్పకుండానే నొక్కగలదు. గతౌరాలో అదే జరిగిందని నేననను. కానీ ప్రవర్తనను పరిస్థితులే తీర్చిదిద్దుతాయని స్కిన్నర్ చెప్పింది నిజమైతే, విచారణ డ్రైవరు మార్కుల జాబితాతో ఆగిపోకూడదు. డ్యూటీ చార్టు కూడా చూడాలి. వారానికి 46 గంటల విశ్రాంతి ఇవ్వాలని లోకో పైలట్లు ఎప్పట్నుంచో అడుగుతున్నారు. 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రెండు పాసింజర్లు ఢీకొని 14 మంది చనిపోయినప్పుడూ వేలు ముందుగా చూపింది డ్రైవరు వైపే.

ఇక బెక్ సంగతి. కుంగిన మనిషి తన మీద, లోకం మీద, రేపటి మీద మూడు చెడ్డ తీర్పులు రాసుకుంటాడని ఆయన 1960లలో గమనించాడు. పట్టాలకు అడ్డంగా వచ్చిన మనిషిని కళ్లారా చూస్తూ ఆపలేకపోయిన డ్రైవరు రాసుకునే తీర్పులూ అవే. దానికి మందు అవహేళన కాదు, శిక్షణ పొందిన మనిషితో కొన్ని వారాల మాటలు. ఆ మనిషి దొరకడమే కష్టం. మానసిక సమస్యలున్నవారిలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్క కట్టింది.

మనసు పరీక్షలో తప్పిన డ్రైవరుకు రైల్వే ఏమిచ్చింది? తిరిగి శిక్షణా, సలహాదారుతో సంప్రదింపులా, పని మార్పా? గతౌరాలోనైతే ఒక అసిస్టెంటును, ఒక ప్యాసింజరు రైలును ఇచ్చింది.