టవర్ ఆగిపోతే ఫోన్లే టవర్లు కాలేవా?

మీరు విజయవాడలో ఉన్నారు. నాన్న ఆగిరిపల్లి దగ్గర మామిడి తోటలో ఉన్నారు. మే నెల ఈదురుగాలికి కరెంటు పోయింది, కొన్ని గంటలకు టవర్ బ్యాటరీ కూడా అయిపోయింది. ఆయన ఫోన్‌లో సిగ్నల్ లేదు గానీ వైఫై, బ్లూటూత్ బాగానే ఉన్నాయి. పక్క తోటలో ఇంకో ఫోన్ ఉంది, దాని పక్కన మరొకటి. ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్ అందుకుంటూ ఆయన కబురు మీదాకా రాలేదా?

కబురైతే రావచ్చు. వీడియో కాల్ మాత్రం రాదు. టవర్ లేకుండా ఫోన్లు తమలో తాము కట్టుకునే ఈ వలను అడ్‌హాక్ నెట్‌వర్క్ అంటారు. 2014లో హాంకాంగ్ నిరసనల్లో ఫైర్‌చాట్, 2025లో బిట్‌చాట్ అనే యాప్‌లు దీన్ని వార్తల్లోకి తెచ్చాయి. ‘ఇంటర్నెట్ అక్కర్లేదు’ అన్న ప్రచారం చూసి, టవర్ పోయినా ఫర్వాలేదనుకుంటే పొరపాటు. అడ్డొచ్చేది యాప్ కాదు, గాలి.

కేకల లెక్క

తోటల్లో రాత్రి కాపలా ఉన్నవాళ్లు వరసగా నిలబడి, కేకలతో కబురు అందించుకుంటున్నారనుకోండి. ఒకటో మనిషి కేక వేస్తే రెండో మనిషి వినాలి, అంటే నోరు మూసుకోవాలి. మూడో మనిషి అరిస్తే రెండో మనిషికి ఏమీ వినబడదు. నాలుగో మనిషి మాటలు అంత దూరం అర్థం కాకపోయినా, రొద మాత్రం వస్తుంది. కాబట్టి ఒకటో మనిషితో పాటు అదే సమయంలో ధైర్యంగా అరవగలిగేది అయిదో మనిషే. అంటే నాలుగు వంతుల సమయంలో ఒక్కొక్కరికి దక్కేది ఒక్క వంతు.

2001లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు తేల్చిందీ ఇదే. వైఫై పరికరాలను వరసగా పెడితే, అంతా సక్రమంగా జరిగినా వేగంలో నాలుగో వంతే చివరిదాకా చేరుతుంది. అప్పటి వైఫై నిబంధనలతో కంప్యూటర్‌పై నడిపి చూస్తే ఏడో వంతే వచ్చింది, ఎవరు ఎప్పుడు మాట్లాడాలో పరికరాలకే సరిగా కుదరలేదు కాబట్టి. 20 ఎంబీపీఎస్ లింకు 3 కన్నా తక్కువకు పడిపోతుందన్నమాట. దాన్ని ఊళ్లో 50 మంది పంచుకుంటే మనిషికి 60 కేబీపీఎస్ కూడా రాదు.

ఇక దూరం. ఆగిరిపల్లి నుంచి విజయవాడ పాతిక కిలోమీటర్లు అనుకుందాం. ఫోన్ వైఫై వంద మీటర్లు అందుతుందని ఉదారంగా లెక్కేసినా, దారిపొడవునా 250 ఫోన్లు కావాలి. అన్నిట్లో ఛార్జింగ్ ఉండాలి, ఒకే యాప్ ఉండాలి. పైగా మామిడి ఆకుల్లో ఉండే నీరు వైఫై తరంగాలను పీల్చుకుంటుంది. గుబురు తోటలో వంద మీటర్లు కూడా అత్యాశే.

ఫోన్లు పెరిగితే బలం పెరగదా?

చాలామంది నమ్మకం అదే. 2000లో పీయూష్ గుప్తా, పి.ఆర్.కుమార్ దీన్ని గణితంతో పరీక్షించారు. ఇద్దరూ అప్పుడు ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఉన్నారు. కుమార్ మద్రాసు ఐఐటీలో చదివినవారు. వారి లెక్క ప్రకారం ఎవరైనా ఎవరితోనైనా మాట్లాడే నెట్‌వర్క్‌లో ఫోన్లు 100 రెట్లు పెరిగితే, ఎంత బాగా అమర్చినా ఒక్కొక్కరి వాటా పదో వంతుకు పడిపోతుంది. ఎందుకంటే మీ ఫోన్ తన సొంత మాట కన్నా పక్కవాళ్ల మూటలు మోయడానికే ఎక్కువ సమయం పెట్టాలి.

కానీ ఎంఐటీ పరిశోధనలో ఆశ కలిగించే మాట కూడా ఉంది. మాటలు ఎక్కువగా చుట్టుపక్కలకే పరిమితమైతే, నెట్‌వర్క్ ఎంత పెరిగినా వాటా తగ్గాల్సిన పని లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్ నగర్‌ను ముంచినప్పుడు చాలామందికి కావాల్సిన సహాయం అదే వీధి చివర పడవలో ఉంది. ‘సింగ్ నగర్ 4వ లైను, మేడపైన 6 మంది, నీళ్లు కావాలి’ లాంటి సందేశం 120 బైట్లే. తెలుగులో ఒక్కో అక్షరానికి, గుణింతానికి, వత్తుకు విడివిడిగా 3 బైట్లు పడుతున్నా అంతే. మెష్‌టాస్టిక్ లాంటి చిన్న రేడియోలు ఒక్కో సందేశంలో మోయగలిగేది సుమారు 200 బైట్లు. అవి మామూలుగా 3 గెంతులకు, ఎంత పెంచినా 7 గెంతులకు ఆగిపోతాయి. గాలిని రొదతో నింపకూడదనే ఆ కట్టడి.

ఇంకో దారీ ఉంది. ఫోన్లు కదిలితే, ఆలస్యం ఓర్చుకునేవారికి వాటా పెరుగుతుందని గ్రాస్‌గ్లాసర్, త్సే అనే పరిశోధకులు చూపించారు. మన భాషలో చెప్పాలంటే, నున్న మార్కెట్‌కు కాయలు తీసుకెళ్లే లారీ డ్రైవరు ఫోన్‌లో మీ నాన్న సందేశం ఎక్కితే 250 గెంతులు ఒక్క ప్రయాణమవుతాయి. నవ్వుకోకండి, కర్ణాటకలోని దొడ్డబళ్లాపురంలో రెండు దశాబ్దాల కిందటే బస్సులకు వైఫై బిగించి ఊళ్లకు సమాచారం చేరవేశారు.

మరి ప్రభుత్వం ఏం చేయాలి?

దూరానికి తీగే దిక్కు. ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగింది అందుకే. తీగ వేయలేని చోట్లకు 2,000 కాంతిపుంజ లింకులు వాడతామని 2017 డిసెంబరులో గూగుల్ అనుబంధ సంస్థ ఎక్స్‌తో కలిసి ప్రకటించారు. కాంతి సూటిగా వెళ్తుంది గనక పక్కవాడి కేక గొడవ ఉండదు. అయితే గాలికి స్తంభాలు ఒరిగితే వాటి మీది కేబుల్‌కూ ముప్పే. అందుకే ఊరి టవర్ బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది, జనరేటర్‌కు డీజిల్ ఎవరు పోస్తారు అన్నవి యాప్‌ల కన్నా ముందు అడగాల్సిన ప్రశ్నలు.

విపత్తు వేళ టెలికాం శాఖ ఇంట్రా సర్కిల్ రోమింగ్ తెరిపిస్తే, మీ కంపెనీ టవర్ ఆగినా పక్క కంపెనీది వాడుకోవచ్చు. దానికదే కలవకపోతే ఫోన్ సెట్టింగుల్లో మొబైల్ నెట్‌వర్క్‌కు వెళ్లి, ఆటోమేటిక్ తీసేసి, కనిపించే నెట్‌వర్క్‌ను ఎంచుకోవాలి. ఈసారి తోటకు వెళ్లినప్పుడు నాన్నకు ఆ బటన్ ఎక్కడుందో చూపించి రండి.