గ్రూపు కలిసింది, రక్తం కలవలేదు

రక్తదాతనని చెప్పుకోవడానికి నా దగ్గరొక కార్డుంది. దాని మీద 'బి పాజిటివ్' అని మాత్రమే ఉంటుంది. అంతకుమించి తెలుసుకోవలసినదేదీ లేదనుకునేవాణ్ణి. తలసేమియా ఉన్న ఒక పిల్లవాడి తల్లి నా భ్రమ పోగొట్టింది. "గ్రూపు కలుస్తోందండీ, రక్తమే కలవడం లేదు" అన్నదామె.

లాండ్‌స్టీనర్ 1901లో ఏ, బి, ఓ భేదాలను వివరించాడు. ఆ తరువాత కెల్, డఫీ, కిడ్ మొదలైనవి కలుపుకొని 40కి పైగా రక్తవర్గ వ్యవస్థలు వెలుగుచూశాయి. ఎప్పుడో ఒకసారి రక్తం ఎక్కించుకునేవారికి ఈ తేడాలు పెద్దగా తగలవు. రెండు మూడు వారాలకొకసారి, జీవితాంతం ఎక్కించుకోవలసిన బిడ్డ సంగతి వేరు. శరీరం పరాయి కణాన్ని గుర్తుపట్టి యాంటీబాడీలను పుట్టిస్తే, ఆపైన సరిపడే రక్తం దొరకడమే గగనం. పైగా అతని ఒంట్లో దాతల ఎర్రకణాలు కలిసి ఉంటాయి గనుక మామూలు పరీక్ష తికమకపడుతుంది. తెల్లకణాల నుండి తీసిన డీఎన్ఏ అయితే అతని అసలు వర్గాలను చెబుతుంది. ఇంగ్లండు ప్రభుత్వ వైద్యవ్యవస్థ 2024 జనవరిలో సికిల్ సెల్, తలసేమియా రోగులకు ఈ జన్యుపరీక్షను అందుబాటులోకి తెచ్చింది.

"మనకెందుకీ ఖరీదైన ముచ్చట?" అంటారు కొందరు. జన్యువు మారదు, ఒక్కసారి చేస్తే జన్మకు సరిపోతుంది. నెలనెలా రక్తం కోసం తిరగడానికీ ఖర్చుంది. అది ఆ తల్లి పద్దులో పడుతోంది గనుక మన పద్దులో కనిపించదు.

2047 నాటికి సికిల్ సెల్‌ను నిర్మూలిస్తామని కేంద్రం 2023లో ఒక కార్యక్రమం ప్రారంభించింది. మంచిదే. మన మన్యాల్లోనూ ఆ వ్యాధి ఉంది. అయితే నిర్మూలన ప్రధానంగా పుట్టబోయేవారి సంగతి. ఇప్పటికే పుట్టినవారి మాటేమిటి?

పాశ్చాత్యుల పరీక్షను కళ్ళుమూసుకుని తెచ్చుకోమనడం లేదు. అరుదైన బొంబాయి రక్తవర్గం 1952లో బయటపడింది ఈ గడ్డ మీదే. మన నెత్తురులోని తేడాలను మనమే చదువుకోవాలి. రోగికి మాత్రమే పరీక్ష చేసి ఊరుకోవడమూ తగదు. అది పిల్ల జాతకం ఒక్కటే చూసి పెళ్ళి ఖాయం చేసినట్లుంటుంది. దాతల వివరాలూ కావాలి.

హీరోల పుట్టినరోజులకు శిబిరాలు పెట్టి, ఇన్ని యూనిట్లు సేకరించామని చాటుకుంటున్నాం. తరచూ ఇచ్చే దాతలకైనా ఆర్‌హెచ్ ఉపవర్గాలూ, కెల్ చూసి నమోదు చేయమని అడుగుదాం. ఆ మాత్రానికి జన్యుపరీక్ష కూడా అక్కరలేదు. ఈసారి శిబిరంలో నేను అడగబోతున్నాను. మిత్రులారా, మీరూ అడుగుతారా?