నడుము ఎవరిది? లాభం ఎవరిది?

ఈ మధ్య నాతో చదువుకున్న స్నేహితురాలు ఒక సలహా ఇచ్చింది. ప్రావిడెంట్ ఫండ్ నుంచి తీసిన డబ్బు బ్యాంకులో పడి ఉంటే ఏం లాభం, నడుం నొప్పికి కొత్త మందులు కనిపెడుతున్న కంపెనీల షేర్లు కొనమంది. 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మందికి నడుం నొప్పి ఉందనీ, 2050కి ఆ సంఖ్య 84.3 కోట్లకు చేరుతుందనీ అంచనాలు చూపించింది. "గిరాకీ తగ్గే ప్రసక్తే లేదు. పైగా పదిమందికీ మేలు" అంది.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచు పల్లెలకు వెళ్ళాను. తునికాకు కాలం. లేత ఆకు రావాలని వేసవికి ముందే తునికి పొదల్ని నేలమట్టానికి కొట్టేస్తారు. చిగురు మోకాలి ఎత్తులో వస్తుంది. అంటే ప్రతి ఆకుకీ వంగాలి. తెల్లవారుజామునే అడవికి పోయి కోసుకొచ్చి, యాభై ఆకులకొక కట్ట చొప్పున కట్టి, నెత్తిన పెట్టుకుని కల్లానికి మోసుకుపోవాలి. అంతకుముందు మిరప కోత, వానలు పడితే నాట్లు, కలుపు. మన పొలాల్లో శ్రమ విభజనని ఒక్కసారి గమనించండి. నిలబడో కూర్చునో చేసే పని చాలావరకు మగవాళ్ళది, వంగి చేసేది ఆడవాళ్ళది. కూలి తక్కువ పడేదీ ఆ వంగి చేసే పనికే. ఇంటికొచ్చాక నీళ్ళు, కట్టెలు, పొయ్యి ఎలాగూ ఉన్నాయి.

ఒక కోయ స్త్రీని నడుం నొప్పి గురించి అడిగితే, "నాకు రోగం లేదక్కా, పనే ఉంది" అంది. ముప్ఫై ఏళ్ళయినా నిండకముందే నడుం నొప్పి, తెల్లబట్ట అని పట్నంలో ఒక ఆసుపత్రికి వెళితే గర్భసంచి తీసేశారట. అప్పు ఇంకా తీరలేదు. నొప్పీ పోలేదు. ఇది ఒక్కామె కథ కాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తంమీద నూటికి మూడు చిల్లర ఉంటే, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. స్త్రీ నడుం నొప్పిలో లాభం ఉందని షేర్ మార్కెట్ కంటే ముందే కనిపెట్టినవాళ్ళు మన మధ్యే ఉన్నారు.

ఇక ఆ కంపెనీల సంగతి. 1996లో అమెరికాలో పర్డ్యూ కంపెనీ ఆక్సికాంటిన్ మాత్రను మార్కెట్లోకి తెచ్చి, నడుం నొప్పితో సహా దీర్ఘకాలిక నొప్పులన్నిటికీ వాడమని ప్రచారం చేసింది. యజమానులు కోట్లు గడించారు, జనం ఆ మాత్రకు బానిసలయ్యారు. 2007లోనూ, 2020లోనూ ఆ కంపెనీ కోర్టులో నేరం ఒప్పుకుంది. నడుం నుంచి కాలిలోకి దిగే నొప్పికి వెర్టెక్స్ కంపెనీ పరీక్షించిన కొత్త మందు ఫలితాలు 2024 డిసెంబర్‌లో వచ్చాయి. మందులేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకి కూడా నొప్పి దాదాపు అంతే తగ్గింది. ఆ రోజు షేరు ధర పడిపోయిందని వార్త. నొప్పి ఉన్నవాళ్ళు ఏమయ్యారన్నది మార్కెట్‌కి వార్త కాదు.

మందు కనిపెట్టాలంటే మనుషులమీద పరీక్షించాలి. ఎవరిమీద? ఈ ప్రశ్న ఖమ్మం జిల్లాకు కొత్త కాదు. 2009లో భద్రాచలంతో సహా మూడు మండలాల్లో 10–14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేలమందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. పాత్ అనే అమెరికన్ సంస్థ ఆ అధ్యయనం నడిపింది. టీకా మెర్క్ కంపెనీది. చాలామంది హాస్టల్ పిల్లల తరఫున సంతకాలు పెట్టింది తల్లిదండ్రులు కాదు, వార్డెన్లు. స్త్రీల సంఘాలు ఈ సంగతి బయటపెట్టాక 2010 ఏప్రిల్లో కేంద్రం దాన్ని ఆపించింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. ఆ కాలంలో చనిపోయిన పిల్లల మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం చెప్పింది. ఆ టీకా క్యాన్సర్‌ను అడ్డుకుంటుందన్నదీ నిజమే. కానీ మంచి మందైనంత మాత్రాన అడగకుండా వేయవచ్చా? ఎక్కడో పెట్టిన పెట్టుబడి చివరకు ఏ పిల్ల చేతిమీద సూదిగా దిగుతుందో షేరు కొన్నవాళ్ళకు తెలుస్తుందా?

అయితే మందులే వద్దంటావా అని నా స్నేహితురాలు కోప్పడింది. వద్దనను. రోజంతా కుర్చీలో కూర్చుని రాసే నాకూ నడుం నొప్పి ఉంది. నేను ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్ళగలను, వారం రోజులు సెలవు పెట్టగలను. 2023 డిసెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుం నొప్పికి ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ వ్యాయామం, అవగాహన, మానసికమైన ఊతం వంటివే ముందున్నాయి. నల్లమందు జాతి మాత్రలు వాడవద్దంది. వీటిలో పేటెంటు తీసుకోగలిగింది ఏదీ లేదు. అందుకే మందుల మీద పెట్టినంత పెట్టుబడి వీటికి రాదు.

మనల్ని మనం కూడా ప్రశ్నించుకోవాలి. హెల్త్ క్యాంపు పెట్టి, నాలుగు నొప్పి మాత్రలు చేతిలో పెట్టి, "నడుం నొప్పి – చికిత్స ఇచ్చాం" అని రిపోర్టు రాస్తున్నది మనం కాదా? ఆమె "పనే ఉంది" అంటే మనం "రోగం" అని రాసుకున్నాం. నిలబడి కలుపు తీసే పనిముట్లు, ఇంటి దగ్గరకే నీళ్ళు, కల్లం దాకా మోతకి బండి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వారానికి ఒకసారైనా ఫిజియోథెరపిస్టు, పని వల్ల నడుం పడిపోయిన కూలికి పరిహారం, ఇంటి చాకిరీలో మగవాళ్ళ వంతు. వీటిని ఆరోగ్య కోరికలుగా మనం ఎన్ని సభల్లో పెట్టాం?

నా డబ్బు బ్యాంకులోనే ఉంది. కానీ అది గొప్ప త్యాగమేం కాదు, నేను షేర్లు కొననంత మాత్రాన ఎవరి నడుమూ నిటారు కాదు. నొప్పి ఉన్నంతకాలమే లాభం వచ్చే పెట్టుబడి, నొప్పికి కారణమైన పని జోలికి ఎప్పటికీ పోదు. ఆ పని జోలికి పోవలసింది మనమే. వచ్చే తునికాకు కాలానికి ముందే, కట్ట రేటుతో పాటు నడుము మాట కూడా కల్లం దగ్గర ఎత్తుదాం.