జోడేఘాట్ తర్వాత మర్లవాయి

అడవిలో తుపాకీ మోత ఆగితే సమస్య తీరినట్టేనన్న మాట ఇప్పుడు ఎక్కడ చూసినా వినిపిస్తోంది. మావోయిస్టులపై పోరాడే పోలీసు దళం గ్రేహౌండ్స్‌ను చూపించి దేశమంతటికీ ఇదే మందు అంటున్నారు. ఈ వాదన తప్పు. మన చరిత్రే దీన్ని ఒప్పుకోదు.

1940లో జోడేఘాట్‌లో గోండుల తిరుగుబాటు నాయకుడు కుమ్రం భీంను కాల్చి చంపారు. తిరుగుబాటు అణిగింది. దాంతో పని అయిపోయిందని నిజాం సర్కారు సైతం అనుకోలేదు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమని మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను పురమాయించింది. చేజారిన భూములు, వడ్డీవ్యాపారుల దోపిడీ, అటవీశాఖ వేధింపులు ఆయన కంటపడ్డాయి. పట్టాలు వచ్చాయి. 1943లో మర్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు తయారయ్యాయి. ప్రజాస్వామ్యం కాని రాజ్యం చేసిన పని ఇది!

ఆ తర్వాత బయటివాళ్లు వచ్చిపడ్డారు, భూములు మళ్లీ చేతులు మారాయి. ఆదివాసుల భూమి ఇతరుల చేతికి పోకుండా చేసిన 1/70 చట్టం ఉండీ ఆపలేకపోయింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలోనే 13 మంది చనిపోయారు. అడవి బిడ్డలు నక్సలైట్ అన్నల వైపు ఎందుకు చూశారో అడిగేవాళ్లు ముందు ఇంద్రవెల్లి గురించి చదవాలి.

ఇన్‌ఫార్మర్లన్న ముద్ర వేసి మావోయిస్టులు చంపింది కూడా ఎక్కువగా ఆదివాసులనే. ఆ హత్యలకు ఏ సిద్ధాంతమూ సమర్థన కాదు. కానీ ఛత్తీస్‌గఢ్‌లో 2005లో ఆదివాసి చేతికే ఆయుధమిచ్చి ఆదివాసి మీదికి ఉసిగొల్పిన సల్వాజుడుం ఏం సాధించింది? ఊళ్లు తగలబడ్డాయి. వేలమంది కట్టుబట్టలతో భద్రాచలం వైపు పారిపోయి వచ్చారు. సుప్రీంకోర్టు 2011లో ఆ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది.

అలా వచ్చినవాళ్లనే మనం గుత్తికోయలంటున్నాం. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డ్ తెగగా ఉన్నవాళ్లకు తెలంగాణలో ఆ గుర్తింపు దక్కలేదు. అటవీ హక్కుల చట్టానికి గడువు తేదీ 2005 డిసెంబరు 13. చాలామంది ఆ తర్వాతే ఇటు చేరారు కనుక పోడు పట్టా రాదు, గుడిసె ఎప్పుడు కూలుస్తారో తెలియదు. ఆ గుడిసెలో పెరిగే పిల్లవాడికి ఈ రాజ్యం తనదని ఎలా అనిపిస్తుంది?

ముందు భద్రత, తర్వాత అభివృద్ధి అంటారు. రోడ్డు, సెల్ టవర్ వేస్తే చాలనుకుంటారు. మనిషికి కావలసింది తన ఊరి మీద తన మాట చెల్లడం. 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు ఇచ్చింది అదే. దాన్ని అమలు చేయడానికి, గుత్తికోయ పిల్లలకు గుర్తింపు పత్రాలివ్వడానికి, వాళ్ల భాష తెలిసిన టీచర్లను పెట్టడానికి ఏ కూంబింగూ ముగిసేదాకా ఆగనక్కర్లేదు. రెండు తెలుగు ప్రభుత్వాలూ ఈ పని ఇప్పుడే మొదలుపెట్టాలి.