వంటింటికీ ఒంటిపూట కావాలి

మార్చి సగానికి వచ్చేసరికి తెలుగు రాష్ట్రాల్లో ఒంటిపూట బడులు మొదలవుతాయి. ఏప్రిల్ చివరి వారంలో బడులకు సెలవులు వచ్చేస్తాయి. ఉపాధి హామీ కూలీలు పొద్దు పొడవకముందే పలుగూ పారా పట్టుకుని బయల్దేరి, ఎండ ముదిరేలోగా ఇల్లు చేరాలని చూస్తారు. పొలం పనులకు వెళ్లేవాళ్లూ అంతే. ఎండను బట్టి పని వేళలు మార్చుకోవడం మనకు కొత్త విద్య కాదు, ప్రభుత్వాలకూ కొత్త కాదు. ఆ మార్పు చేరనిది ఒక్క వంటింటికే. మే నెలలోనూ ఒంటిగంటకల్లా అన్నం, పప్పు, కూర, చారు వేడివేడిగా కంచంలోకి రావాలన్నదే చాలా ఇళ్లలో నియమం. ఆ నియమం నిలబడాలంటే ఎవరో ఒకరు, సాధారణంగా ఆ ఇంటి ఇల్లాలు, పదకొండు గంటల నుంచి పొయ్యి ముందు నిలబడాలి. వేసవిలో ఇంటిపనిని కూడా ఎండదెబ్బ ముప్పున్న శ్రమగానే లెక్కగట్టాలి. దాని వేళ మార్చాలి, దాన్ని అందరూ పంచుకోవాలి, సెలవు రోజున ఇంటిని చల్లబరిచే పనులకు ఇంట్లోవాళ్లంతా పూనుకోవాలి. ఇది సౌకర్యం కోసం చెబుతున్న మాట కాదు, ఆరోగ్యం కోసం చెబుతున్నది.

వడగాడ్పుల కాలంలో అధికారులు చేసే మొదటి హెచ్చరిక మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బయటికి వెళ్లొద్దని. ఆ హెచ్చరిక ప్రాణాలు కాపాడుతుంది, సందేహం లేదు. 2015 మే నెల వడగాడ్పుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి అధికారిక లెక్కల ప్రకారమే పదిహేను వందల మందికి పైగా చనిపోయారు. వారిలో ఎండన పడి పనిచేసే కూలీలు, వృద్ధులు ఎక్కువ. అయితే ఇల్లంటే నీడ, నీడంటే క్షేమం అనే నమ్మకం మీద ఆ హెచ్చరిక ఆధారపడి ఉంది. ఆ నమ్మకం అన్నివేళలా నిజం కాదు. 2021లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో వేడిగాలులకు 619 మంది చనిపోతే, వారిలో 98 శాతం మందికి ప్రాణాపాయం వచ్చింది ఆరుబయట కాదు, నాలుగు గోడల మధ్యే. 2003 ఆగస్టులో ఫ్రాన్స్‌లో పదిహేను వేల మంది దాకా మరణించినప్పుడు కూడా ఇళ్లలో ఒంటరిగా ఉన్న ముసలివాళ్లు ఎందరో బలయ్యారు. ఆ దేశాల ఇళ్లు చలి కోసం కట్టినవి, మనవి వేరు అనవచ్చు. నిజమే. కానీ పగలంతా ఎండను తాగి రాత్రి పొద్దుపోయే దాకా వేడిని కిందికి వదిలే సిమెంటు శ్లాబు, సూటిగా మాడ్చే రేకుల కప్పు కూడా చల్లదనం కోసం పుట్టినవి కావు. మన పట్టణాల్లో పేద, మధ్యతరగతి కుటుంబాల్లో ఎక్కువ భాగం ఉంటున్నది అలాంటి కప్పుల కిందే.

ఆ ఇంట్లోనూ అన్నిటికన్నా వేడెక్కే గది వంటిల్లు. వాతావరణ శాఖ చెప్పే 43, 44 డిగ్రీలు గాలి ఆడే చోట, నీడలో పెట్టిన థర్మామీటరు చూపిన అంకెలు. చిన్న కిటికీ ఒక్కటే ఉన్న వంటగదిలో రెండు పొయ్యిలు వెలుగుతున్నప్పుడు ఉండే వేడి ఆ లెక్కలోకి రాదు. చుట్టూ ఉన్న గాలి మన చర్మం కన్నా వేడెక్కితే ఒంటికి మిగిలే దారి ఒక్కటే, చెమట పట్టి అది ఆవిరైపోవడం. గాలిలో తేమ పెరిగితే ఆ దారీ ఇరుకవుతుంది. వంటగ్యాసు మండితే వేడితో పాటు నీటి ఆవిరి కూడా పుడుతుంది. ఒక కిలో గ్యాసు కాలితే సుమారు కిలోన్నర నీరు ఆవిరి రూపంలో గాలిలో కలుస్తుంది. అంటే 14.2 కిలోల సిలిండరు అయిపోయేలోగా ఇరవై లీటర్లకు పైగా నీరు ఆ గదిలోకి చేరినట్టు. ఉడికే ఎసరు నుంచి లేచే ఆవిరి దీనికి అదనం. పైగా మంట ఆరిపోతుందనో, సెగ చెదిరిపోతుందనో ఫ్యాను కూడా ఆపేస్తారు. విజయవాడ, మచిలీపట్నం లాంటి ఉక్కపోత ప్రాంతాల్లో ఆ గదిలో గంటన్నర నిలబడటం ఎంత కష్టమో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కేంద్ర ఆరోగ్య శాఖ వేసవి సూచనల్లో ఎండ తీవ్రంగా ఉన్న వేళ వంట చేయొద్దని, వంటగది తలుపులూ కిటికీలూ తెరిచి ఉంచాలని స్పష్టంగానే ఉంది. ఆ సూచన గడప దాటి పొయ్యి దాకా రాలేదు.

మన వేసవికి ఉన్న మరో లక్షణం, వేడి పెరిగిన నెలల్లోనే ఇంటిపని కూడా పెరగడం. ఆవకాయ, మాగాయ పెట్టేది అప్పుడే. మిరపకాయలు ఎండబెట్టి కారం పట్టించేదీ, కొత్త చింతపండు గింజ తీసి దాచేదీ, వడియాలూ అప్పడాలూ మేడ మీద ఆరబెట్టేదీ, పప్పులు ఎండబోసి డబ్బాలకెత్తేదీ అప్పుడే. పిల్లలు ఇంట్లో ఉంటారు, చుట్టాలు వస్తారు, పెళ్లిళ్లు జరుగుతాయి. వీటిలో చాలా పనులకు ఎండ కావాలి, ఆ ఎండలో మనిషి ఉండనక్కర్లేదు. కానీ ఒక్కరే అన్నీ చూసుకోవాల్సిన ఇంట్లో పని పొద్దెక్కే దాకా సాగుతుంది, మనిషీ ఎండలో ఉండక తప్పదు. ఆ ఒక్కరు ఎవరో ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. 2024 జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసేవారిలో ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. 2019 సర్వేలో ఇవి 299, 97 నిమిషాలు. ఈ సగటు ఆ పనికి చేయి వేసినవారిదే. 2019లో ఏ రోజు చూసినా ఇంటిపని ముట్టుకున్న మగవాళ్లు దాదాపు నాలుగో వంతే. అంటే ఈ శ్రమ బరువు దాదాపు అంతా ఇంట్లోని ఆడవాళ్ల మీదే పడుతోంది.

వంటింటికి ఒంటిపూట అంటే పస్తులుండమని కాదు. పొయ్యి వెలిగించే పని పొద్దున తొమ్మిదిలోపు ముగించడం, మళ్లీ పొద్దు వాలాకే వెలిగించడం. మధ్య వేళకు మంట అక్కర్లేని తిండి మన దగ్గర కావలసినంత ఉంది. పెరుగన్నం, మజ్జిగ, దోసకాయ, పచ్చిమామిడి పచ్చడి, ముంజలు, పొద్దున్నే కాచి చల్లార్చిన రాగి అంబలి, ఇవన్నీ ఈ నేల ఎండ నేర్పిన భోజనాలే. రాత్రి అన్నంలో నీళ్లో మజ్జిగో పోసి పొద్దున తినే చద్దన్నం ఒక పూట పొయ్యిని పూర్తిగా తప్పిస్తుంది. పప్పు ముందే నానబెడితే ఉడికే సమయం తగ్గుతుంది. కుక్కరు వాడితే పొయ్యి మండే సేపూ, గదిలోకి చేరే ఆవిరీ తగ్గుతాయి. కరెంటు కుక్కరును వంటింట్లోనే ఉంచాలనే నియమమేమీ లేదు, వసారాలోకో వెనుక వరండాలోకో మార్చవచ్చు.

దీనికి వచ్చే గట్టి అభ్యంతరం, పొద్దున వండింది మధ్యాహ్నానికి పాడవుతుందన్నది. వేసవిలో అది నిజమైన భయం, తేలిగ్గా తీసిపారేయకూడదు. వండిన పదార్థం గోరువెచ్చగా గంటల తరబడి ఉండటమే అసలు ప్రమాదం. అందుకే ఏం వండాలి, ఎంత వండాలి అన్నదే ఇక్కడ ముఖ్యం. పొయ్యి దించగానే సెగలు కక్కుతూ ఉన్నప్పుడే హాట్‌బాక్సులో మూత పెట్టాలి, లేదంటే త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో కొబ్బరి, పాలు కలిసిన వంటలు మానుకుని, చింతపండు పులుపు తగిలిన పులిహోర, పులుసుల వైపు మొగ్గాలి. ఒక పూటకు సరిపడానే వండాలి, వాసన అనుమానంగా ఉంటే పారేయాలి. ఇంకొందరు, ఉద్యోగానికి వెళ్లే ఆడవాళ్లకు పొద్దున అసలు తీరికే ఉండదు కదా అంటారు. అది కూడా నిజమే. అందుకే వేళ మార్చడం ఒక్కటే సరిపోదు, చేతులూ పెరగాలి.

మా అమ్మమ్మలు కట్టెల పొయ్యి ముందు కూర్చుని పాతికమందికి వండలేదా అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. వండారు, కానీ వాళ్ల ఇళ్లు వేరు. మందపాటి మట్టిగోడలు, పెంకుల కప్పు, వేడి పైకి పోయే ఎత్తు, గాలి తిరిగే మండువా, చాలాచోట్ల ఇంటికి దూరంగా వంటపాక ఉండేవి. దంపుళ్లూ విసురుళ్లూ కోడి కూసే వేళకే మొదలయ్యేవి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత చెప్పుకున్నవాళ్లు ఆ ఎండను తక్కువ అంచనా వేయలేదు, దానికి తగ్గట్టు రోజును కుదించుకున్నారు. అయినా ఆ తరాన్ని ఆదర్శంగా నిలబెట్టడం సరి కాదు. పొగకు కళ్లూ ఊపిరితిత్తులూ పాడుచేసుకున్న ఆడవాళ్లెందరో వారిలో ఉన్నారు. వాళ్లు నోరెత్తలేదన్నది వాళ్లకు బాధ లేదనడానికి రుజువు కాదు. ఇప్పుడు మనం ఆ ఇళ్లను వదిలేసి, ఆ వేళలను వదిలేసి, భోజనం మీద ఆశలను మాత్రం అలాగే ఉంచుకున్నాం.

ఇక పంచుకోవడం గురించి. వేడిలో పనిచేసే శరీరానికి ప్రధాన శత్రువు ఆగకుండా గడిచే సమయం. కండరాలు పనిచేస్తున్నంతసేపూ ఒంట్లో వేడి పుడుతూనే ఉంటుంది, బయట వేడిగా ఉంటే అది పోయే దారి లేక పేరుకుంటుంది. అందుకే కొలిమి దగ్గర పనిచేసేవాళ్లను కర్మాగారాల్లో వంతులవారీగా మారుస్తారు. రెండు గంటల వంటపని ఒక్కరు చేయడానికీ, నలుగురు తలా అరగంట చేయడానికీ పని పరిమాణంలో తేడా లేదు, ఒంటి మీద పడే భారంలో చాలా తేడా ఉంది. రోజంతా ఎండలో పనిచేసి వచ్చిన మగవాడికి విశ్రాంతి వద్దా అని అడగవచ్చు. తప్పకుండా కావాలి. కానీ అదే కూలికి వెళ్లిన ఆడమనిషి ఇంటికొచ్చి పొయ్యి రాజేస్తోంది, ఆమెకూ అదే విశ్రాంతి కావాలి. నీళ్లు మోయడం, బట్టలు ఉతికి ఆరేయడం, అంట్లు తోమడం, కూరగాయలు హాల్లో ఫ్యాను కింద కూర్చుని తరగడం, వీటిలో ఏ పనికీ ఆడా మగా తేడా లేదు. నాలుగిళ్లు తిరిగే పనిమనిషి విషయంలోనూ ఇదే న్యాయం వర్తించాలి. మధ్యాహ్నం రమ్మనకుండా పొద్దునో సాయంత్రమో రమ్మనాలి, చల్లటి నీళ్లూ ఫ్యాను కింద కాసేపు కూర్చునే చోటూ ఇవ్వాలి, వేళ మార్చినందుకు జీతం కోయకూడదు.

ఆదివారం సెలవు ఉన్నవాళ్లు ఆ ఉదయాన్ని ఇంటిని చల్లబరచడానికి వాడితే, ఆ కష్టానికి ఫలితం వేసవంతా అందుతుంది. ఆ చల్లబరిచే పనుల్లో చాలావరకు రంపం, సుత్తి, కొలటేపు పట్టగలిగినవారికి అందేవే. వంటింటి వెనుక గుమ్మానికి చెక్క చట్రంతో జాలీ తలుపు చేసి బిగిస్తే, దోమలకూ పిల్లులకూ భయపడకుండా తెల్లవారుజాము గాలిని లోపలికి రానివ్వవచ్చు. పడమటి కిటికీకి బయటి వైపు వెదురు తడిక కట్టాలి. ఎండ అద్దం దాటి లోపలికొచ్చాక తెర వేస్తే వేడిలో ఎక్కువ భాగం అప్పటికే గదిలోకి వచ్చేసి ఉంటుంది. సరుగుడు కర్రలు పాతి కొబ్బరాకుల పందిరి వేస్తే గోడ కూడా చల్లబడుతుంది. గాలి పొడిగా ఉండే తెలంగాణ, రాయలసీమల్లో వట్టివేళ్ల తడిక మీద నీళ్లు చల్లితే గది హాయిగా ఉంటుంది, తీరంలోని ఉక్కలో అది అంతగా పనిచేయదు. అక్కడ గాలి ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపు పోయేలా ఎగ్జాస్ట్ ఫ్యానుకు ఎదురుగా దారి ఉంచడం ముఖ్యం. వంటగట్టు ఎత్తుకు సరిపోయే ఒక పీట చేసినా గంటల తరబడి నిలబడే అవసరం తప్పుతుంది. వేసవిలో చెక్క తేమ పోగొట్టుకుని కుంచించుకుపోతుంది, వానల్లో ఉబ్బుతుంది. కాబట్టి ఇప్పుడు చేసే తలుపుకు కాస్త సందు వదలాలి, ఇప్పుడు వదులైన బందులను చూసి తొందరపడి తలుపు మార్చేయకూడదు. ఈ పనుల్నీ పొద్దున తొమ్మిదిలోపే ముగించాలి. వడ్రంగిని పిలిపించినా అవే వేళలు పాటించాలి.

ఏసీ కొంటే సరిపోదా అంటే, కొనగలిగిన ఇళ్లలోనూ అది పడకగదిలోనే ఉంటుంది. వంటగది వేడి వంటగదిలోనే ఉండిపోతుంది, ఏసీ బయటికి తోసిన వేడి పక్కింటి కిటికీ దగ్గర చేరుతుంది. ఫ్యానుకూ హద్దుంది. గాలి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను ఒంటిని చల్లబరచకపోగా ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. అద్దె ఇంట్లో మేకు కొట్టే హక్కు కూడా లేనివాళ్లు ఇవన్నీ ఎలా చేస్తారన్నది అంతకన్నా న్యాయమైన ప్రశ్న. అక్కడే ప్రభుత్వం బాధ్యత మొదలవుతుంది. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల మేర కప్పులను చల్లబరచాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ విధానం కింద కప్పులకు వేసే తెల్లరంగు ముందుగా రేకుల ఇళ్లకూ, అద్దెవాటాల పై అంతస్తులకూ అందాలి. ఇళ్ల ప్లాన్లకు అనుమతి ఇచ్చేటప్పుడు వంటగదికి ఎదురెదురుగా గాలి దారులున్నాయా అని చూడాలి. కుళాయి నీళ్లు మిట్టమధ్యాహ్నం వదిలే పద్ధతి ఎక్కడున్నా మానాలి. ఎండ హెచ్చరికలో బయటికి వెళ్లొద్దన్న మాటకు తోడుగా, పొయ్యి వెలిగించొద్దు, ఇంటిపని పంచుకోండి అన్న మాటలూ అంతే గట్టిగా వినిపించాలి.

ఇవన్నీ జరిగే దాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. మధ్యాహ్నం కంచంలో వేడివేడి కూర లేకపోయినా ఫరవాలేదని ఇంట్లో మిగిలినవాళ్లు ముందుగా తామే చెప్పాలి. వంట చేసే మనిషి ఆ మాట అడగాల్సి రాకూడదు, ఎందుకంటే అడిగితే చేతకానితనం అనుకుంటారేమోనన్న భయం ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉంది. పిల్లల ఆరోగ్యం కోసం వేల బడుల గంటలు మార్చగలిగిన సమాజం, వాళ్లకు అన్నం పెట్టే మనిషి కోసం ఒక భోజన వేళను మార్చలేకపోవడానికి కారణం కనబడదు. ఈ వేసవిలోనే ఆ మార్పు మొదలుపెట్టాలి.