రెండో అమ్మాయి

దుర్గాబాయమ్మగారి పేరెత్తగానే మనవాళ్లందరూ చెప్పే కథ ఒకటుంది. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభలు జరిగాయి. అక్కడి ఖద్దరు ప్రదర్శనశాల గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడ్డ పద్నాలుగేళ్ల పిల్ల, చేతిలో టిక్కెట్టు లేదని సాక్షాత్తు జవహర్లాల్ నెహ్రూగారినే లోపలికి పోనివ్వలేదు. పెద్దలు గాభరాపడి వచ్చి, టిక్కెట్టు కొని చేతికిచ్చాకే దారి వదిలింది. నెహ్రూగారు కోప్పడలేదు సరికదా, మెచ్చుకున్నారు.

నాకూ ఇష్టమైన కథే. మా పిల్లలకు అన్నాలు పెడుతూ ఎన్నిసార్లు చెప్పానో! కాని ఇందులో ఒక చిక్కుంది. విన్న ఆడపిల్ల "అబ్బ, ఎంత ధైర్యం!" అనుకుని నిద్రపోతుంది. తెల్లవారి లేస్తే తను చేయడానికి అందులో పనేమీ కనిపించదు. నెహ్రూగారు అందరి గుమ్మాల్లోకీ రారు గదా!

ఆవిడ జీవితంలోనే ఇంకో కథ ఉంది. దాన్ని ఎందుకో అంతగా చెప్పుకోరు.

దుర్గాబాయిగారు 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లి తనకు వద్దని చెప్పి బయటికి వచ్చేశారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. అక్కడ ఖైదీలుగా ఉన్న ఆడవాళ్లను చూశారు. తమ మీద మోపిన నేరమేమిటో, వేలిముద్ర వేసిన కాగితంలో ఏముందో తెలియనివాళ్లు. వాళ్లను చూశాకనే లాయరు కావాలన్న పట్టుదల కలిగింది. లాయరు కావాలంటే ముందు మెట్రిక్కు కావాలి. అప్పుడు మొదలుపెట్టారు చదువు! బడి ఏనాడో వదిలేసిన మనిషి, ఇరవై దాటాక బెనారస్ మెట్రిక్యులేషన్ పరీక్షకు కూర్చున్నారు. అది ప్యాసై, ఇంటరూ అయ్యాక వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వెళ్లి బి.ఏ.లో సీటడిగారు.

అప్పుడు వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు. పండితుడు, రసికుడు, పాతకాలపు మూఢత్వాలను ఎద్దేవా చేసిన మనిషి. ఆడదానికి చదువెందుకని ఆయన అనలేదు. ఆయన అన్నది ఒకటే: ఆడపిల్లలకు హాస్టలు లేదు, ఎక్కడ ఉంటావు?

చూశారా! మన ఆడవాళ్లకు తగిలే అడ్డంకుల్లో ముప్పాతికమువ్వీసం ఈ రకానివే. వద్దనేవాళ్లెవరూ ఉండరు. చోటే ఉండదు.

దుర్గాబాయిగారు వాదన పెట్టుకోలేదు, కన్నీళ్లు పెట్టుకోలేదు. పేపర్లో ఒక ప్రకటన వేశారు. హాస్టలు లేక ఆంధ్రా యూనివర్సిటీలో చదవలేకపోతున్న ఆడపిల్లలు ఎవరైనా ఉంటే తనతో చేరమని. ఉత్తరాలు వచ్చాయి! తనలాగే ఎవరింట్లో వాళ్లు "చోటు లేదుట" అనుకుని కూర్చున్న పిల్లలు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. అందరూ కలిసి హాస్టలు పెట్టుకున్నారు. ఇంక కాదనడానికి కారణమేదీ? సీట్లిచ్చారు. ఆవిడ అక్కడ చదువు ముగించుకుని మద్రాసు వెళ్లి, లా కూడా చదివి, హైకోర్టులో వకీలయ్యారు.

టిక్కెట్టు కథలో గుమ్మం దాటినది ఒక్క నెహ్రూగారే. ఈ కథలో ఎంతమంది ఆడపిల్లలు దాటారో చూడండి.

చిత్రమేమిటంటే, ఇటువంటి ప్రకటన కథే ఇంకొకటుంది. అది మద్రాసులో, మరో తెలుగింట్లో జరిగింది. అయ్యలసోమయాజుల లలితగారని, 1919లో పుట్టారు. పదిహేనేళ్లకు పెళ్లి, పద్దెనిమిదేళ్లకు వైధవ్యం, చంకలో నాలుగు నెలల పాప. ఆ రోజుల్లో అటువంటి పిల్లను ఇంట్లో ఏ మూల కూర్చోబెట్టేవారో నేను చెప్పనక్కర్లేదు. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కాలేజీలో ప్రొఫెసరు. ఆయన ప్రిన్సిపాలుతో మాట్లాడి, పైవారి అనుమతి తెప్పించి 1940లో కూతుర్ని ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో చేర్పించారు. పాపను దగ్గర్లోనే బంధువుల ఇంట ఉంచారు.

వందలాది మగపిల్లలున్న కాలేజీలో ఒక్కతే ఆడపిల్ల. ఏడిపించి ఉంటారనుకుంటున్నారు కాబోలు! అదేమీ లేదట, తోటివాళ్లు మర్యాదగానే ఉన్నారు. కష్టమంతా సాయంత్రం హాస్టలుకు వచ్చాకే. ఆవిడకోసం ప్రత్యేకంగా ఏర్పాటు చేసిన చోటు అది. ఉండేది ఆవిడ ఒక్కరే. అర్థంకాని లెక్కను అడగడానికి మనిషి లేదు, నవ్వుకోవడానికి మనిషి లేదు.

ఆ తండ్రి "ఓర్చుకో తల్లీ, నీ పేరు చరిత్రలో ఉంటుంది" అని ఊరడించి ఊరుకోలేదు. గిండీ కాలేజీలో ఆడపిల్లలను కూడా చేర్చుకుంటారని కాలేజీచేత ప్రకటన ఇప్పించారు. కేరళ ప్రాంతంనుంచి ఇద్దరు వచ్చి సివిల్ ఇంజనీరింగులో చేరారు, లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా అని. ముగ్గురూ పట్టాలు పుచ్చుకున్నారు. పట్టా కాగితం మీద మగవాడని అచ్చువేసి ఉన్న ఇంగ్లీషు సర్వనామాన్ని కలంతో కొట్టేసి "ఆమె" అని దిద్దవలసివచ్చిందట! లలితగారు తరవాత కలకత్తాలో పనిచేస్తూ భాక్రానంగల్ విద్యుత్తు లైన్ల పనిలో పాలు పంచుకున్నారు. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల మొదటి అంతర్జాతీయ సభకు వెళ్లివచ్చారు. ఆ వచ్చిన ఇద్దరిలో త్రేసియాగారు 1971లో కేరళలో చీఫ్ ఇంజనీరయ్యారు. మన దేశంలో ఆ పదవికి వచ్చిన మొదటి స్త్రీ ఆవిడే.

మొదటి అమ్మాయి ఫోటో మనం పేపర్లో వేస్తాం, దండ వేస్తాం. మంచిదే. కాని ఆవిడ గదిలో రెండో మంచం వేసిందెవరని అడగం. నాకు మాత్రం ఆ మంచం వేసినవాళ్ల మీదే గౌరవం ఎక్కువ.

దుర్గాబాయిగారికి ఈ సంగతి బాగా తెలుసు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలైనప్పుడు అక్కడ జరిగిన ముఖ్యమైన పనేమిటి? చదువు ఆగిపోయిన ఆడవాళ్లను కూర్చోబెట్టి, తను రాసిన ఆ బెనారస్ మెట్రిక్కు పరీక్షకే తయారుచేయడం! తరవాత రాజ్యాంగ సభకు వెళ్లారు, ప్రణాళికా సంఘంలో సభ్యురాలయ్యారు, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యారు. అంత ఎత్తుకు వెళ్లినా ఆ పాఠం మరిచిపోలేదు. ఆ బోర్డు 1958లో పెద్దవయసు ఆడవాళ్లకోసం సంక్షిప్త విద్యాకోర్సులు పెట్టింది. చిన్నప్పుడు బడి మానేసినవాళ్లు రెండేళ్లలో పరీక్షకు తయారై టీచర్లు, నర్సులు, గ్రామసేవికలు కావడానికి. ఇప్పుడు ఢిల్లీ మెట్రోలో ఒక స్టేషనుకు ఆవిడ పేరుంది. రోజూ అక్కడ దిగి కాలేజీలకు పోయే ఆడపిల్లల్లో హాస్టలు కథ తెలిసినవాళ్లు ఎంతమందో!

ఇదంతా ఇప్పుడెందుకు ఎత్తానంటే, ఈమధ్య తెలంగాణలోని ఒక చిన్న పట్నంనుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వద్దులెండి. ముప్పయ్యారేళ్లు, ఇద్దరు పిల్లలు. పెళ్లినాడు ఆగిన డిగ్రీని ఇప్పుడు ఓపెన్ యూనివర్సిటీలో పూర్తిచేయాలని చేరారు. (మన దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ 1982లో హైదరాబాదులోనే పుట్టింది. 1991లో అంబేద్కర్ గారి పేరు పెట్టారు.) ఆదివారాలు క్లాసులు. ఆవిడ రాసిన మాట ఇది: "ఇంట్లో ఎవ్వరూ వద్దనలేదమ్మా. అత్తయ్యగారు కూడా చదువుకోమనే అన్నారు. కాని ఆదివారం చెప్పులు వేసుకుంటుంటే ఎవరో ఒకరు 'మధ్యాహ్నం కూరేమిటి?' అని అడుగుతారు. మళ్లీ చెప్పులు విప్పేస్తాను. నాలుగు క్లాసులు పోయాయి."

ముందు ఆ ఇంటాయనకు ఒక మాట. అయ్యా, మీరు అనుమతి ఇచ్చారు, సంతోషం. మీకు పడక్కుర్చీ ఉంది, పిల్లవాడికి టేబులుంది. ఆవిడ పుస్తకం ఎక్కడుందో ఒకసారి చూడండి. ఫ్రిజ్ మీదో, బియ్యం డబ్బా మీదో ఉంటుంది. దానికొక బల్ల, ఒక దీపం చూడండి. ఆదివారం కూర సంగతి శనివారం రాత్రే తేల్చండి, పొయ్యి దగ్గర మీరు నిలబడండి. ఉప్పు ఎక్కువైతే ఎవరూ చచ్చిపోరు. చుట్టాలకు మీరే ఫోను చేసి ఆదివారం కాకుండా ఇంకోరోజు రమ్మనండి. ఆవిడచేత చెప్పించకండి.

ఇక చెల్లాయీ, నీకు. మీ వీధిలో ఇంటరుతో ఆపేసిన ఆవిడ ఒకరైనా ఉండకపోరు. మిషను కుడుతుంటుందో, పిల్లలకు ట్యూషన్లు చెబుతుంటుందో. వెళ్లి అడుగు. చదువు వద్దంటే, నీతోపాటు బస్సులో వచ్చి బజారు పనైనా చూసుకోమను. తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రలో 2025 ఆగస్టులో ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైంది. సీటు దొరకదనుకో, అది వేరే సంగతి! ఒక్కతివీ చెప్పులు వేసుకుంటే విప్పించడం తేలిక. గుమ్మంలో ఇంకో ఆవిడ సంచీ పట్టుకుని "ఏమ్మా, బస్సు టైమైంది" అంటూ నిలబడితే, కూర సంగతి అడగడానికి మొహమాటపడతారు. నాలుగు క్లాసులు పోతే పోయాయి. నోట్సు ఎవరి దగ్గరుందో అయిదో క్లాసులో కనుక్కో.

చదువు తిరిగి మొదలుపెట్టిన సోదరీమణులు ఇంకా ఉంటే, మీకు తోడు వచ్చిన రెండో మనిషి ఎవరో రాయండి. అత్తగారైతే మరీ సంతోషం, తప్పకుండా వేస్తాను. ఈ ఉత్తరంతో చోటంతా అయిపోయింది కనుక, మాగాయ బూజు పట్టడం గురించి అడిగినవారికి జవాబు వచ్చేవారం.