బొల్లాపల్లికి జాషువాను పంపండి

సెప్టెంబరు 28, కవి జాషువా జయంతి వచ్చిందంటే ఆయన విగ్రహాలకు దండలకు కొదవుండదు. పార్టీలన్నీ వరస కడతాయి, విశ్వనరుడని ముక్తకంఠంతో పొగుడుతాయి. ఆయన పుట్టిన వినుకొండ పేరుతో ఉన్న నియోజకవర్గంలోదే బొల్లాపల్లి మండలం. అక్కడి లంబాడీ తండాల్లో చదువుకునే పిల్లకు ఆయన పుస్తకం దొరుకుతుందా అని ఏ సభలోనూ ఎవరూ అడగరు. మేం అడుగుతున్నాం.

1941లో వచ్చిన జాషువా కావ్యం 'గబ్బిలం'లో అంటరానివాడైన అరుంధతీసుతుడికి గుడిలో అడుగుపెట్టే యోగ్యత లేదు. తన గోడు కాశీలో శివుడికి విన్నవించమని గబ్బిలాన్ని బతిమాలుకుంటాడు. కాళిదాసు 'మేఘదూతం'లో యక్షుడికి కబురు మోయడానికి మేఘం దొరికితే ఇతనికి దొరికింది అపశకునమని జనం తోలేసే జీవి. దెబ్బంతా ఆ ఎంపికలోనే ఉంది. గబ్బిలం గర్భగుడిలో వేలాడవచ్చు, మనిషి మాత్రం గడప బయటే నిలబడాలి. యక్షుడి కబురు ప్రియురాలికి, ఇతని కబురు ఆకలి గురించి, అంటరానితనం గురించి. ఉపన్యాసాలు చేయలేని పని ఆ ఒక్క ఊహ చేసింది.

బొల్లాపల్లి ఉన్న పల్నాడులో ఉద్యమమూ అక్షరమూ ఎన్నడూ వేరుగా లేవు. అడవిలో పశువుల మేతకు పుల్లరి పన్ను కట్టమన్న బ్రిటిష్ సర్కారు మీద 1921లో ఇక్కడి ఊళ్లు తిరగబడ్డాయి. అధికారులకు చాకలి, మంగలి పనులు కూడా మానేశారు. 1922 ఫిబ్రవరిలో ఆ పోరాట నాయకుడు కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు బలయ్యాడు. ఆ పోరాటంలో అరెస్టయిన ఉన్నవ లక్ష్మీనారాయణ రాయవెల్లూరు జైల్లో కూర్చుని 'మాలపల్లి' నవల రాశాడు. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. నవలంటే సర్కారుకు అంత భయం ఉండేది! ఇంకా వెనక్కి వెళితే కారెంపూడి వీరుల తిరునాళ్లలో పల్నాటి వీరుల కథ పాడే మాల విద్యావంతులనే గాయకులున్నారు. కులాలన్నిటినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడును, మాల వీరుడు కన్నమదాసు పరాక్రమాన్ని జనం నోట నిలిపింది వాళ్ల గొంతులే. తర్వాత షేక్ నాజర్ అదే పల్నాటి యుద్ధాన్ని బుర్రకథగా ఊరూరా తిప్పాడు.

వరికపూడిశెల ఎత్తిపోతల నీళ్లే రాని చోట కవిత్వం ఏం చేసుకుంటారని ఎద్దేవా చేసేవాళ్లున్నారు. పుల్లరి గొడవా గొడ్ల మేత గొడవే కదా, అందులోంచే 'మాలపల్లి' రాలేదా? 2023లో శంకుస్థాపన చేసిన ఆ ఎత్తిపోతల గురించి నిలదీయాలన్నా ముందు నోరు పెగలాలి. ఆ నోటికి బలం పాట నుంచి, చదువుకున్న పుస్తకం నుంచి వస్తుంది. జనాన్ని మాట్లాడనివ్వడం ఇష్టం లేని నాయకులకే దండలతో సరిపెట్టడం సుఖం.

డబ్బు లేదనే సాకు చెల్లదు. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల సెస్సు జనం కడుతూనే ఉన్నారు. వసూలు చేసిన స్థానిక సంస్థలు దాన్ని గ్రంథాలయాలకు జమ చేయకుండా వాడుకోవడం రాష్ట్రమంతటా పాతుకుపోయిన జబ్బు. పల్నాడు కలెక్టరు ముందు ఆ బకాయిలు కక్కించాలి. ఆ సొమ్ముతో 'గబ్బిలం', 'మాలపల్లి' ప్రతి తండా బడికీ చేరాలి. తీజ్ పండుగ పాటలు పాడే లంబాడీ ఆడవాళ్లను జాషువా జయంతికి పిలవాలి, సభను నింపడానికి కాదు, పాడడానికి, రోజు కూలి పోకుండా పారితోషికం ఇచ్చి. వచ్చే జయంతి సభ బొల్లాపల్లిలోనే పెట్టాలి. వేదిక మీద నాయకుల కుర్చీలు సగానికి తగ్గినా నష్టమేమీ లేదు.